కొమురన్న కోసిన తొమ్మిది నిమిషాలు

భూపాలపల్లిలో మా పంపుల షెడ్డులో పైపులు అతికించే జిగురు డబ్బా మూత తీసినప్పుడల్లా కొమురన్న గుర్తుకొస్తాడు. ఆ వాసన తగలగానే ఆయన పని ఆపి, "సినిమా రీలు అతికిచ్చే జిగురు గూడ గిట్లనే ఉంటది తమ్మీ" అనేవాడు. జనగామలో డిప్లొమా ముగించి వచ్చిన నాకు పని నేర్పిన మేస్త్రీ ఆయనే. అంతకుముందు మహబూబాబాద్‌లో, ఇప్పుడు మూతపడిన ఒక టాకీసులో ప్రొజెక్టరు ఆపరేటరు.

ఒక పెద్ద దర్శకుడు తీసిన, ఎవరికీ గుర్తులేని సినిమా ఒకటి కొమురన్నకు ప్రాణం. వారం తిరక్కుండానే ఎత్తేశారట. "ఆయన తీసినయన్నిట్ల గదే గొప్పది. జనానికే తెల్వలే" అని చాయ్ తాగినప్పుడల్లా వాదించేవాడు. ఒక ఆదివారం నేను దాన్ని ఫోనులో చూసి, లోపాలన్నీ వరుసగా కాగితం మీద రాసుకొచ్చాను. పన్నెండు తేలాయి. ఏడోది చదువుతుండగా ఆపాడు.

"బాయి గడ్డ మీద ముసలమ్మ ఒక్కతే కూసునే సీను చూసినవా?"

"చూసిన అన్నా. అదొక్కటే బాగుంది."

చేతిలోని పానా కింద పెట్టాడు. "మా దగ్గర ఎవ్వలు చూడలే. నేనే కోసిన."

సాయంత్రం మొదటి ఆట ఆలస్యంగా వదిలితే తండాలకు పోయే ఆఖరి బస్సు తప్పిపోయేది. అందుకని నిడివి ఎక్కువైన సినిమాల్లో పాటలు కోసేయడం అక్కడ మామూలే. ఈ సినిమాలో పాటల్లేవు. ముసలమ్మ సీనులో మాటల్లేవు కనుక కథ తెగదనుకుని, ఆ తొమ్మిది నిమిషాలూ కోసి, అటూ ఇటూ అతికించాడు.

"నేను కొయ్యకపోతే ఆడునా? నిజం చెప్పు. ఇన్నేండ్ల సంది గిదే పరేషాన్."

అవునంటే తప్పంతా ఆయన మీద పడుతుంది. కాదంటే ఆయన ప్రాణంగా చూసుకున్న సినిమా చిన్నదైపోతుంది. కాగితం మడిచి, నాకు తోచిందే చెప్పాను. "ఆడకపోయేది అన్నా. కొయ్యకుండ ఏసిన ఊర్లల్ల గూడ ఆడలే. రెండో సగం నిలబడలే. జనం తప్పేం లేదు. ఆ సీను మాత్రం మస్తుంది."

 కొమురన్న నవ్వాడు గానీ, కళ్లు నవ్వలేదు.

"అంటే సినిమాను సంపలే. అండ్ల ఉన్న ఒక్క మంచిదాన్ని సంపిన. నీ కాగితం మీద పదమూడోది రాస్కో: ఆపరేటర్ కొమురయ్య."

ఉద్యోగ విరమణ తర్వాత ఆయన చిట్యాల వెళ్లిపోయాడు. నిరుడు కన్నుమూశాడు. ఇప్పుడు మరమ్మతుకు ఏ మోటారు వచ్చినా, లోపాలు రాసేముందు తెచ్చినవాళ్లను ఒక మాట అడుగుతాను: నా దాకా వచ్చేలోపు దీన్ని ఎవరు విప్పారు, ఏం తీసేశారు? ముందే విప్పి చూసి తెచ్చిన మెకానిక్కులు మొదట కోప్పడతారు. కాసేపు ఆగితే, చెబుతారు.