మిరప టిక్కీతో కారు పందెం

నేను నరసరావుపేటలో కొత్తగా విలేకరిగా చేరిన రోజుల్లో పొద్దున్నే ఆఫీసుకు పంపే మొదటి వార్త చాలాసార్లు మాచర్ల రోడ్డుదే. ఎవడో కుర్రాడు ఇంకొకడితో పందెం కాసి బండి ఉరికించి ఉంటాడు. నాలుగు వాక్యాల్లో ఒక చావును సర్దేయడం అప్పట్లో నాకు బాగా చేతనయింది (అదో ప్రతిభ అనుకునేవాణ్ణి కూడా). నుజ్జయిన బండ్లు చేరేది మా మెకానిక్ మామ షెడ్డుకే. ఒకనాడు వంకరపోయిన హ్యాండిల్ నుంచి తాయెత్తు విప్పుతూ మామ అన్నాడు: "వీళ్ళని మానమంటే మానరు అల్లుడూ. రోడ్డు మీంచన్నా దించుదాం."

మామ ఆలోచన సులువైంది. తుక్కుకు పోయే పాత చిన్నకార్లు, అన్నీ ఒకే రకం. అవే ఇంజన్లు, అవే టైర్లు, లోపల ఇనప కమ్మీల చట్రం. ఎవడూ ఏదీ మార్చకూడదు. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. డబ్బున్నవాడు కాదు, తోలడం వచ్చినవాడు గెలవాలి. స్థలం కోసం రెంటచింతల దగ్గర ఎడ్ల పందేలు నడిపే పెదనాన్న దగ్గరికి వెళ్ళాం (ఆయన ఊరందరికీ పెదనాన్నే). బండలాగుడు పోటీల్లో ఎద్దు నోరు తెరిచి, పళ్ళు చూసి, ఏ విభాగమో తేల్చే మనిషి. కార్ల బానెట్లు కూడా అలాగే తెరిపించి, లోపలికి తొంగిచూసి, "అన్నీ ఒక ఈడువే" అని తన పొలం ఇవ్వడానికి ఒప్పుకుని, బానెట్లకు లక్క సీళ్ళు వేయించాడు. తర్వాత, మామతో పాటు తోలడానికి పేరిచ్చిన నావైపు తిరిగాడు. "ఒరేయ్ విలేకరీ, నువ్వు ఎండుపుల్లలా ఉన్నావు. మీ మామేమో దున్నపోతు. బరువు సమానం గాకపోతే పందెమేంది?" ఇసుక తెప్పించే ఓపిక ఎవరికీ లేదు. కల్లంలో మిరప టిక్కీలున్నాయి (బస్తాకు మా యార్డు పేరది). ఒకటి తెచ్చి నా వెనక సీట్లో కుదేశారు.

మొదటి మలుపులో టిక్కీ ఒరిగింది. రెండో మలుపులో కమ్మీకి తగిలి చిరిగింది. ఆపైన కారులో గాలి లేదు, కారమే ఉంది. కళ్ళు మూసుకుని తుమ్ముతూ పత్తికట్టె కుప్పలోకి దూసుకుపోయాను. నన్ను బయటికి లాగడానికి ఆగినవాళ్ళంతా తుమ్మారు. పెదనాన్న తుమ్ముల మధ్య తిట్టడానికి వీల్లేక చేతులతోనే తిట్టాడు. పందెం అక్కడే ఆగిపోయింది. అప్పటిదాకా ముందున్నవాడు జెట్టోడు, రోడ్డు పందేల్లో పేరుమోసిన కుర్రాడు. ముక్కు తుడుచుకుంటూ, "అన్నా, రోడ్డు మీద ఇంత మజా ఎప్పుడూ రాలా. మళ్ళీ ఎప్పుడు?" అన్నాడు.

మళ్ళీ అనేది లేదు. నవ్వులపాలయ్యానని పెదనాన్న పొలం ఇవ్వనన్నాడు. మామ ఎన్నిసార్లు తిరిగినా ఒకటే మాట: "ఎడ్లకైతే ఇస్తా. నా పరువు చానా పోయింది, పోండి." జెట్టోడు షెడ్డుకొచ్చి "ఇచ్చాడా?" అని అడిగి వెళ్ళేవాడు. తర్వాత అడగడం మానేశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, నడికుడి దాటాక, లారీ కింద. వాడి గురించి ఆ నాలుగు వాక్యాలూ రాయడానికి నాకు పొద్దంతా పట్టింది.

పెద్దకర్మ అయిన మర్నాడు పెదనాన్న షెడ్డుకొచ్చాడు. "పొలం దున్నించకుండా ఆపా. మీ కార్లు తెచ్చుకోండి" అన్నాడు.

"ఇప్పుడిచ్చి ఏం లాభం పెదనాన్నా?" అన్నాడు మామ, తల ఎత్తకుండా.

"ఇంకా ఉన్నారుగదరా కుర్రాళ్ళు."

ఏటా కోతలయ్యాక ఆ పందెం ఇప్పటికీ నడుస్తోంది. రోడ్డు మీద పందేలు ఆగిపోయాయని రాయలేను, ఆగలేదు. కొందరు మాత్రం ఇటు వస్తున్నారు. బట్టతలా, పట్టేసే మోకాళ్ళూ వచ్చాక కూడా నేను తోలుతూనే ఉన్నాను, ఏటా అందరికంటే చివర వస్తున్నాను. "ఏంది బాబాయ్, మధ్యలో కునుకు తీశావా?" అని కుర్రాళ్ళు ఎగతాళి చేస్తారు. చివర వచ్చేవాడికి ఒక సౌకర్యం ఉంది. గీత దాటేసరికి ముందు పోయినవాళ్ళంతా కార్లు దిగి, నీళ్ళు తాగుతూ, ఒకర్నొకరు తిట్టుకుంటూ కనిపిస్తారు. వాళ్ళందర్నీ లెక్కపెట్టుకున్నాకే ఇంజన్ ఆపుతాను.