చీటీ అంటించని ట్రాన్స్‌ఫార్మర్

నాకు కుదురు లేదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. చెడిపోయిన మిషన్ ఎదురుగా ఉంటే నాకు ముద్ద దిగదు. నాచారంలో నా షాపు నిండా అలాంటివే ఉంటాయి, కంపెనీలు పక్కన పడేసిన పాత మీటర్లు, సిగ్నల్ జనరేటర్లు, కరెంటు నడకను తెర మీద ఆకుపచ్చ గీతగా చూపించే సీఆర్‌వోలు. వాటికి ఇప్పుడు స్పేర్లు రావు. చచ్చిన దాంట్లోంచి పీకి బతికున్న దాంట్లో వేయడమే నా పని.

పని నేర్పిన ఉస్తాద్ ఒక పద్ధతి పెట్టాడు. మంచి పార్టు తీసిన చోట చెడిన పార్టునే పెట్టి స్క్రూలన్నీ బిగించేయాలి. అలా చేస్తే స్క్రూలు పోవు, స్క్రాప్‌కి వేసేటప్పుడు డబ్బా ఖాళీగా ఉందని ఎవరూ అనరు. "గని అది ఖరాబైందని చీటీ అంటియ్యాలె బిడ్డా. లేకుంటే నీ బొంద నువ్వే తవ్వుకుంటవు" అనేవాడు. ఇన్నేళ్లూ అంటించాను. ఒక్కసారి మాత్రం అంటించలేదు. ఆ రోజు కరెంటే పోయిందో, ఎవరైనా పిలిచారో, ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

పోయిన ఏడాది ఒక బుధవారం మా వీధి చివర ఛార్జర్లు తయారు చేసే యూనిట్ నుంచి ఫోన్ వచ్చింది. బోర్డులు పరీక్ష చేసే సీఆర్‌వో తెర చీకటైపోయిందట. వెళ్లాను. దాని ముందు కూర్చునే ఆవిడ జనగామ దిక్కు నుంచి వచ్చింది. ఇరవై ఏళ్లుగా అదే స్టూలు, అదే తెర. చదివింది ఏడో తరగతే గాని, గీత ఎటు వంగిందో చూసి బోర్డులో ఏ పార్టు పోయిందో చెప్పేస్తుంది.

"శనివారం దాక సూస్త అన్నా" అన్నాడు ఓనరు. "నడిస్తే మంచిదే. నడ్వకుంటే కంప్యూటర్‌ది కొత్తది తెప్పిస్త. దానికి డిప్లొమా పిల్ల గూడ దొరికింది."

"మరి ఈమె?"

"ప్యాకింగ్‌ల జేస్తది."

ప్యాకింగ్ అంటే పొద్దంతా నిలబడడం. ఓనరు అటు తిరగగానే ఆవిడ మోకాళ్ల మీద చెయ్యి పెట్టుకుంది. "రెండూ వాసినయన్నా. దినమంత నిలవడితె నాతోని గాదు. జర ఎట్లన్న జెయ్యి."

"ఫికర్ జెయ్యకు చెల్లె, నా తాన ఇదే మోడల్ ఇంకోటి పడి ఉన్నది" అన్నాను. నా నోటికి ఎప్పుడూ తొందరే.

పోయింది తెరకు పెద్ద వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్. మిషన్‌ని షాపుకు తెచ్చి, మూల పడి ఉన్న అదే మోడల్ డబ్బా విప్పి, అందులోంచి తీసి దీనికి వేశాను. తెర వెలగలేదు. మీటరు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉన్నట్టు చూపిస్తోంది. దాంతో తప్పు ఇంకెక్కడో ఉందనుకుని గురువారమంతా మిగతా బోర్డులన్నీ కెలికాను. టీ చల్లారిపోయింది, ఫోన్లు ఎత్తలేదు, వచ్చిన వాళ్ల మీద ఊరికే గయ్యిమన్నాను.

శుక్రవారం పొద్దున ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని తీసి వెలుగులో తిప్పి చూశాను. వైర్లకు ఎర్ర గొట్టాలు తొడిగి ఉన్నాయి. కంపెనీ వాళ్లు తెల్లవి తొడుగుతారు, ఎర్రవి నావి. అంటే ఇది నేనే ఎప్పుడో పెట్టిన చచ్చిన పార్టు. మీటరుకు దొరకదు, పెద్ద వోల్టేజీ పడితేనే లోపల షార్టవుతుంది. థూ, నా బతుకు! మరి మంచిది ఎక్కడికి పోయింది? తల ఎత్తాను. నా బల్ల మీద, రోజూ నేను పనికి వాడుకునే అదే మోడల్ సీఆర్‌వో నిక్షేపంగా వెలుగుతోంది. అప్పుడు నేనే మార్చి వేసిన మంచిది దాంట్లోనే ఉంది.

ఆ నిమిషమే విప్పి తీయాల్సింది. తీయలేదు. అది లేకపోతే నా పని గుడ్డిది, ఇంకోటి దొరకదు, పక్కవాళ్ల మిషన్ కోసం నా కళ్లు పీక్కోవాలా అని నాకు నేనే వాదించుకున్నాను. బండి తీసి మౌలాలి స్క్రాప్ షాపులన్నీ తిరిగాను. ఉప్పల్‌లో ఫ్లైఓవర్ పిల్లర్ల దుమ్ము మింగుతూ మేడిపల్లి దాకా పోయాను. శనివారం కూడా అదే తిరుగుడు. వెతకడం లేదు, పారిపోతున్నాను, ఆ సంగతి నాకు తెలుసు. ఇంటికొస్తే మా ఆవిడ, "ఏందయ్యా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవు?" అంది.

శనివారం సాయంత్రం ఓనరు ఫోన్ చేశాడు. "దొరకలే" అన్నాను. "సరే అన్నా" అని పెట్టేశాడు.

ఆదివారం ఒకచోట కూర్చోలేకపోయాను. మధ్యాహ్నం షాపు తెరిచి నా సీఆర్‌వో విప్పాను. అరగంట పని. ఆవిడ మిషన్ తెర మీద ఆకుపచ్చ గీత నిలబడింది.

సోమవారం పొద్దున్నే దాన్ని మోసుకుపోయాను. ఆ బల్ల మీద కొత్తది కూర్చుంది, దాని ముందు డిప్లొమా పిల్ల. ఓనరు నవ్వాడు. "ఇగ దీంతోని ఏం పనన్నా? నువ్వే తీస్కపో, స్పేర్లకు అక్కరకొస్తది."

ఆవిడ గోడ పక్కన నిలబడి డబ్బాలకు టేపు వేస్తోంది. నన్ను చూసి వచ్చింది, ఒక కాలు ఈడుస్తూ.

"నడుస్తుందా అన్నా?"

"నడుస్తుంది."

"ఏడ దొరికింది?"

మౌలాలిలో అనేద్దామనుకున్నాను.

"నా షాపులనే ఉండె."

"శనారం నాడు గూడ ఉండెనా?"

"ఉండె."

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. తన పాత బల్ల సొరుగు తెరిచి, చుట్టి పెట్టిన ఆ మిషన్ వైర్లు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవి గూడ దానియే, తీస్కపో అన్నా. ఇంకెవరి మిషనన్న ఆగితె మాత్రం జెల్ది ఇయ్యి."