మేడం అటు తిరిగి కూర్చున్న రోజు

ప్రొబేషన్ ఆఫీసర్ మేడం పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. మా ఇంట్లోనే ఉండే తమ్ముడు మగ్గం గుంటలో ఉన్నాడు. చెబితే విన్నాడు. ఆ రోజు మళ్లీ మగ్గం నాడె ముట్టలేదు. ఆమె పట్టుదల దగ్గరుండి చూసినదాన్ని గనక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తాగిన మైకంలో పక్కింటాయన తల పగలగొట్టిన కేసులో తమ్ముణ్ని కోర్టు జైలుకు పంపలేదు. మంచిగా నడుచుకుంటానని బాండు రాయించుకుని, మేడం పర్యవేక్షణలో వదిలింది. బాండు తప్పితే జైలే. ఆమె మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నీతులు చెబుతారనుకున్నాం.

"తాగకు అని నేను చెప్తే ఏమైతది తమ్మీ? ఏడ తాగుతవ్, ఎప్పుడు తాగుతవ్, పక్కన ఎవ్వలుంటరు? గది చెప్పు."

నేసిన చీర షావుకారుకు ఇచ్చి, కల్లు కాంపౌండు మీదుగా వస్తున్నప్పుడు తాగుతానన్నాడు తమ్ముడు. అప్పటి నుంచి చీరలు ఇచ్చిరావడం నా పని అయింది. అన్నం దగ్గర కేసు మాట ఎత్తొద్దని మాకూ షరతు పెట్టారు.

"తప్పు చేసిననాడు మస్తుగ తిడ్తరు. మంచిగున్ననాడు ఒక్క మాటన్న అంటరా?" అనేవారు. ఆ ఒక్క మాట మా ఆయన నోట రావడానికి చాలా రోజులు పట్టింది.

తమ్ముడు కొన్నాళ్లు నిలబడ్డాడు. ఇక వారం వారం రానక్కర్లేదు, నెలకోసారి కనబడితే చాలన్నారు మేడం. ఆ సంతోషంలో మా ఆయన దావత్ చేశారు. మా దగ్గర కల్లు లేని దావత్ ఉండదు. తాగుడు మానినందుకు బామ్మర్దికే కల్లు పోశారు.

తెల్లారి తమ్ముడే వెళ్లి తాగానని చెప్పాడు. మేడం కోప్పడలేదు. తాగితే ఇంతేనని ముందు అనుకున్నట్టే మళ్లీ వారం వారం రమ్మన్నారు.

"ఇంకోపారి అయితే కోర్టుకు రాస్త. నాకు వేరే తొవ్వ లేదు."

తర్వాత మా ఇంటికొచ్చి, గ్లాసులో నీళ్లు పోసుకుని తమ్ముడి ముందు నిలబడ్డారు.

"ఇప్పుడు నేను మీ బావను. ఏందిర బామ్మర్ది, ఆఫీసరమ్మకు భయపడ్డవా? తాగు."

"వద్దు మేడం."

"మేడం ఏడున్నది ఈడ? బావా అను."

మా ఆయన గోడవైపు చూస్తూ, "నేను గట్లనే అంటనా?" అన్నారు.

"ఇంక ఘోరంగ అంటవ్," అన్నాడు తమ్ముడు. మేడం కూడా నవ్వారు. 'వద్దు బావా' అన్న మాట గొంతు తడబడకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ అనిపించారు.

బోనాలకు మేడంను పిలిచాం. వచ్చి ఆడవాళ్ల బంతిలో కూర్చున్నారు. వెనక మగవాళ్ల దగ్గర మా మరిది తమ్ముడికి గ్లాసు చాపాడు.

"తాగుర. మీ ఆఫీసరమ్మ చూస్తలేదు."

"జర అటు చూడుండ్రి మేడం," అన్నాను మెల్లగా.

"నేనెన్ని పొద్దులు చూస్త అక్కా?" అని ఆమె పప్పు కలుపుకోసాగారు.

"నేను తాగ బావా." తమ్ముడి గొంతు. మరిది ఏదో ఎగతాళి చేశాడు, నలుగురు నవ్వారు. "తాగ అన్న గద," మళ్లీ తమ్ముడే, ఇంకాస్త గట్టిగా.

అన్నం కలుపుతున్న మేడం చెయ్యి ఆగింది. తల మాత్రం తిప్పలేదు.