చిలకలో హన్నమ్మ పేరు

మా ఐజాక్ మాస్టారి బాప్తిస్మం రిజిస్టరు మాచర్ల దగ్గర మా ఊరి చర్చిలో ఇప్పటికీ ఉంది. అందులో అతని పేరు గుండాల హన్నమ్మ ఐజాక్. హన్నమ్మ అతని నాయనమ్మ.

అతనికి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ పోయారు. అతన్ని కని తల్లి కూడా పోయింది. బాప్తిస్మం రోజున నెల పసివాణ్ణి ఎత్తుకొచ్చిన హన్నమ్మ, తన పేరు కూడా కలిపి రాయమంది. మగపిల్లవాడికి ఆడపేరేమిటని పాస్టరుగారు విసుక్కున్నారు.

"నా పేరు వాడి ఒంటిమీద ఉండాలయ్యగారూ. నన్ను దాటుకుని వాణ్ణెవరు ఎత్తుకుపోతారో నేనూ చూస్తా" అంది. మేకపాలు పట్టి బతికించుకుంది. ఆమెతో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

బడిలో మాత్రం ఆ పేరు అతని ప్రాణం తీసింది. "హన్నమ్మగారూ, జడ వేసుకురాలేదేం?" అని ఏడిపించేవాళ్లం. అందులో నా గొంతే పెద్దది, అబద్ధమెందుకు? అందుకే ట్రైనింగు ముగించుకుని వచ్చేసరికి అతను జి.హెచ్. ఐజాక్ అయిపోయాడు. హెచ్ అంటే ఏమిటని అడిగితే, ఏ మాత్రం తడుముకోకుండా "హెన్రీ" అనేవాడు. పల్నాటి ఎండకు మాడిన ఆ మొహానికి హెన్రీ ఎంత నప్పిందో మీరే ఊహించుకోండి.

పందొమ్మిది వందల నలభై ఆరులో నూజెండ్ల పిల్ల దయామణితో సంబంధం కుదిరింది. పెళ్లికూతురి తండ్రి రాజారత్నంగారికీ హెన్రీ అనే చెప్పాడు. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చిలకలు చదువుతారు. అంటే వధూవరుల పేర్లు ప్రకటించి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. నిండు సంఘంలో తన పేరు వినబడుతుందని హన్నమ్మ ఉతికిన తెల్లచీర కట్టి ముందు చాపమీద కూర్చుంది. ఐజాక్ ముందే బతిమాలుకున్నాడు కాబట్టి పాస్టరుగారు "జి.హెచ్. ఐజాక్" అని చదివేశారు.

"నా పేరేదిరా?" అంది బయటికొచ్చాక.

"హెచ్ అంటే నువ్వే నాయనమ్మా. ఇంగ్లీషులో అంతే."

"ఏందీ, పాతికేళ్లు పెంచితే అంతేనా నేను?"

రెండో ఆదివారమూ అదే చదివారు. ఆమె మనవడి కోసం ఆగకుండా ఇంటికి వెళ్లిపోయింది. ఆ పూట ముద్ద ముట్టలేదు. తిట్టి ఉంటే ఐజాక్ తట్టుకునేవాడే.

మూడో ఆదివారం రాజారత్నంగారు కూడా నూజెండ్ల నుంచి వచ్చి ముందు కూర్చున్నారు. హన్నమ్మ వెనక గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చుంది. ఐజాక్ అటే చూస్తున్నాడు. పాస్టరుగారు పేర్లు చదివి, "ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పాలి" అన్నారు.

"నాకుందయ్యగారూ" అని లేచాడు పెళ్లికొడుకు.

రాజారత్నంగారి మొహం పాలిపోయింది. ఐజాక్ చెమటలు కక్కుతూ, "ఆ పేరు సరైంది కాదండీ. హెన్రీ అని అందరికీ అబద్ధం చెప్పాను. హెచ్ అంటే హన్నమ్మ, మా నాయనమ్మ. రిజిస్టరులో ఉన్నట్టే చదవండి" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి నేను కాదు. రాజారత్నంగారు ఒక్క క్షణం ఆలోచించి, "హడలగొట్టావు గదయ్యా! పేరేగా, చదవమనండి" అన్నారు.

పాస్టరుగారు చదివారు: "గుండాల హన్నమ్మ ఐజాక్."

"వెనక్కి వినపడలా అయ్యగారూ" అంది గుమ్మం దగ్గరి గొంతు.

ఆయన గట్టిగా మళ్లీ చదివారు.

"ఇంకోసారి."

"ఇప్పుడు కూడా వినపడలేదా హన్నమ్మా?"

"వినపడింది. మూడు వారాలు చదవాల్సిన పేరు, ఒక్కసారి బాకీ ఉంది."