మా తమ్ముడూ, మాస్టారి మోకాలూ

మా తమ్ముడు మనిషి మొహం చూడడు, మోకాళ్ళు చూస్తాడు. అరవై ఏళ్ళుగా వాణ్ణి చూస్తున్నాను కనక చెబుతున్నాను. ఎదురుగా ఎవరొచ్చినా వాడి కళ్ళు ముందు కిందికి దిగుతాయి. అక్కడ రెండు మోకాళ్ళూ సరిచూసుకుని, తీరికుంటే పైకొస్తాయి. తీరిక లేకపోతే ఆ మనిషికి మొహం ఉందో లేదో వాడికి అనవసరం. "నిన్న నాలుగో గదిలో దిగినాయన ఎలా ఉంటాడురా?" అని అడిగితే, "ఎడమ మోకాలి కింద పాత మచ్చ, చొక్కా గుండీ అంత" అంటాడు. ఆ గుర్తుతో నేను కాఫీ ఎవరికివ్వాలి?

మాది సముద్రం ఒడ్డున ఊరు. ఎండా, చెమటా, ఉప్పుగాలీ ఏడాది పొడుగునా ఉంటాయి. పైన ఎనిమిది గదులు నావి, ఊళ్ళు చూడ్డానికొచ్చేవాళ్ళకి అద్దెకిస్తాను. కింద పన్నెండు స్కూటర్లు మా తమ్ముడివి, ఆ వచ్చినవాళ్ళకే అద్దెకిస్తాడు. దీన్ని వ్యాపారం అనుకునేరు. వాడు ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో దెబ్బలకి కట్లు కట్టి రిటైరయ్యాడు. కట్లు కట్టే మోజు తీరక స్కూటర్లు పెట్టాడని నా అనుమానం. ఎలాగూ సముద్రపు రోడ్డు మలుపులో ఇసక ఉండనే ఉంది, పడేవాళ్ళకి కొదవ లేదు.

అసలు వాడి పెళ్ళే అలా జరిగింది. సైకిలు మీంచి పడి ఆస్పత్రికొచ్చిన పిల్లకి పన్నెండు రోజులు కట్టు కట్టాడు. పదమూడో రోజున గానీ ఆ పిల్లకి మొహం ఉందని గమనించలేదు. మా మరదలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

వాడి దగ్గర బండి అద్దెకి తీసుకోవడం ఎలా ఉంటుందో వినండి.

"స్కూటర్ కావాలండీ."

"టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారు?"

"నేను స్కూటర్..."

"ఆ, స్కూటరే. ఎప్పుడు చేయించుకున్నారు?"

"గుర్తులేదండీ."

"గుర్తు తెచ్చుకోండి. ఈలోపు ఈ పొట్టి లాగు మార్చి పొడుగుది వేసుకు రండి. చెప్పులు కాదు, బూట్లు."

"ఇంత ఎండలో బూట్లేంటండీ?"

"తారురోడ్డుకి ఎండా వానా తేడా లేదండీ. చర్మం ఎప్పుడైనా ఒకేలా ఒలుస్తుంది."

సగంమంది ఆ మాటకే పక్క వీధి షాపుకి పోతారు. సాయంత్రానికి మోచెయ్యో మోకాలో గీరుకుని మళ్ళీ వాడి దగ్గరికే వస్తారు. వాడు 'నే చెప్పలేదూ' అనడు. పండగొచ్చిన మొహంతో కుర్చీ లాగి, "సబ్బూ, నీళ్ళూ!" అని కేకేస్తాడు.

సబ్బూ నీళ్ళూ వాడి తారకమంత్రం. ముందు వాడి చేతులు కడుక్కుంటాడు, తర్వాత ఆ దెబ్బని ధారగా పడే శుభ్రమైన నీళ్ళ కింద పెట్టి కడుగుతూనే ఉంటాడు. పడినవాడు అరుస్తూనే ఉంటాడు. ఇసక ఒక్క రేణువు మిగిలినా వదలడు, కాచిన పటకారుతో తీస్తాడు. ఒకసారి ఎర్రగడ్డం మనిషి ఒకడు దెబ్బ మీద పళ్ళపేస్టు రాసుకొచ్చాడు.

"నీ మోకాలికి పళ్ళున్నాయా?" అని అడిగాడు మా తమ్ముడు, ఎంతో మర్యాదగా.

"చల్లగా ఉంటుందని..."

"చల్లగానే ఉంటుంది. లోపల చీము పడుతుంటే పైన చల్లగానే ఉంటుంది."

నేను పైన పిట్టగోడకి ఆనుకుని ఇవన్నీ వింటూ నవ్వేదాన్ని. వినిపించేలానే నవ్వేదాన్ని. "ఒరేయ్, పై కుళాయి కారుతోంది, దానికీ సబ్బూ నీళ్ళేనా?" అనేదాన్ని. నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ పైన బడికి నా అవసరం ఉన్నట్టు కనబడలేదు. కానీ మాటలో నన్ను గెలిచినవాడు ఈ వీధిలో లేడు.

ఇక అసలు సంగతికొస్తాను. నాకు డెబ్బై దాటాయి. బజారుకెళ్ళాలంటే 'కాస్త వెనకాల ఎక్కించుకోరా' అని ఒకడి చుట్టూ తిరగడం నాకు నామోషీ. వాణ్ణి అడిగాను, "స్కూటర్ నేర్పరా" అని.

"ముందు మోకాళ్ళు చూపించక్కా."

"బండి నడిపేది చేతులురా, మోకాళ్ళు కాదు."

"పడేది మోకాళ్ళే."

నేను పాదాల దాకా బట్టలు కట్టుకునే మనిషిని. ఇన్నేళ్ళు దాచుకున్న మోకాళ్ళు వీడికి చూపించి బండి నేర్చుకోవడమా? ఒక ఆదివారం పొద్దున, వాడు స్నానానికెళ్ళగానే మేకుకి తగిలించిన ఏడో నంబరు తాళం తీసుకున్నాను. దొంగతనం అనకండి. గోడ నాది, మేకు నాది.

బండి బాగానే నడిచింది. రోడ్డు తిరిగిన చోట నేను తిరగలేదు, అంతే.

ఎవరూ చూడకముందే బండి లేపి, తోసుకుంటూ తెచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబెట్టాను. కుడి మోకాలు అరచెయ్యంత మేర గీరుకుపోయింది. పైకెళ్ళి ఇసక దులుపుకుని, మొహానికి రాసుకునే పౌడరు దండిగా చల్లి, పాత తువ్వాలు చించి బిగించి కట్టాను. నాకు షుగరుంది. ఆ సంగతి డాక్టరుకి తెలుసు, మా తమ్ముడికి తెలుసు, నాకూ తెలుసు. కానీ వీధిలో అందరిముందూ వాణ్ణి ఇన్నేళ్ళు ఆడిపోసుకుని, ఇప్పుడు నేనెళ్ళి ఆ కుర్చీలో కూచుని "సబ్బూ నీళ్ళూ" అనిపించుకోవాలా? కాలు పోయినా ఆ పని చెయ్యననుకున్నాను. అంత పనీ కాబోయింది, అది తర్వాత చెబుతాను.

"ఏంటక్కా, ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో దిగుతున్నావ్?" అన్నాడు కిందనుంచి.

"మెట్లు నావిరా. ఎన్ని కాళ్ళతోనైనా దిగుతా."

వాడు ఏడో నంబరు బండి అద్దం వంకరపోయి ఉంటే సరిచేశాడు, కాళ్ళు పెట్టుకునే చోట ఇసకుంటే గుడ్డతో తుడిచాడు, మెట్ల మీద రాలిన పౌడరుకేసి చూశాడు. అనుమానించాల్సింది నేనక్కడే.

మర్నాడు పొద్దున చూద్దును కదా, కింద కుర్చీలో రెండో గది లెక్కల మాస్టారు మోకాలికి పెద్ద కట్టుతో కూచుని ఉన్నారు. సెలవులకని వచ్చినాయన. తాబేలు కూడా దాటుకుపోయేంత నెమ్మదిగా బండి నడుపుతారు. అలాంటాయన ఎలా పడ్డారో నాకర్థం కాలేదు. మా తమ్ముడు ఆయనకి పాఠం చెబుతున్నాడు. అదీ ఎంత గట్టిగా అంటే, మాస్టారికి చెవుడు కాబోలనుకున్నాను.

"మాస్టారూ! దెబ్బ మీద పౌడరు చల్లారా?"

"లేదండీ."

"చల్లారు!"

"...చల్లానండీ."

"అందుకే మండుతోంది! పౌడరూ ఇసకా కలిసి లోపల ముద్దవుతుంది. సబ్బు రాసుకుని ధారగా నీళ్ళు పొయ్యండి, పది నిమిషాలు! నొప్పికి ఆగకండి! పైన పల్చగా మందు రాసి, అంటుకోని గుడ్డ వెయ్యండి! బిగించి కట్టకండి!"

కాసేపటికి పైకొచ్చి, "అక్కా, మాస్టారి కోసం తెచ్చినవాటిలో ఇవి మిగిలాయి. కింద బల్లులు తిరుగుతున్నాయి, నీ గదిలో పెట్టుకో" అని సబ్బు, మందు, గుడ్డలు బల్లమీద పెట్టి పోయాడు. చేతికందిన వస్తువు వృథా చెయ్యడం నాకిష్టం ఉండదు. తలుపేసుకుని పది నిమిషాలు నీళ్ళు పోశాను. అరుపు బయటికి రాకుండా తువ్వాలు నోట్లో పెట్టుకున్నాను. ఇసక చాలావరకు పోయింది.

మంగళవారం ఇంకో పాఠం. "మాస్టారూ! కట్టు రోజూ మార్చాలి! తడిస్తే వెంటనే మార్చాలి! మన ఊరి చెమటకి దెబ్బ దానంతటది ఆరదు! మానేదాకా సముద్రంలో దిగకండి, ఉప్పునీళ్ళు మంచివని ఎవరు చెప్పినా నమ్మకండి!"

మాస్టారు బుద్ధిగా తలూపారు. ఆయనలో ఒక వింత గమనించాను. పొద్దున కుడికాలు కుంటేవారు, సాయంత్రం ఎడంకాలు. లెక్కలు చెప్పేవాళ్ళు అన్నీ సమానంగా పంచుతారు కాబోలని ఊరుకున్నాను.

బుధవారానికి నా మోకాలి చుట్టూ ఎర్రబడి, వేడి తేలింది. సరిగ్గా ఆ పూటే కింద పాఠం మారింది.

"మాస్టారూ! ఎరుపు ఎంతవరకుందో పెన్నుతో దానిచుట్టూ గీత గియ్యండి! ఆ ఎరుపు గీత దాటినా, చీము పట్టినా, ఎర్రటి చార పైకి పాకినా, జ్వరం తగిలినా ఇంక నా కట్లు పనిచెయ్యవు! ఆ క్షణమే డాక్టరు దగ్గరికెళ్ళాలి! అందులో షుగరున్నవాళ్ళయితే అసలు ఆగకూడదు!"

"నాకు షుగర్ లేదండీ," అన్నారు మాస్టారు.

"ఉంది!"

"...ఉందండీ."

పాపం, వయసులో ఉన్నాయన. నాకు నిజంగా జాలేసింది. కిందికి దిగి, పాల లెక్క రాసుకోవాలని చెప్పి పెన్ను అడిగి తెచ్చుకున్నాను.

గురువారం పొద్దున లేచి చూస్తే ఎరుపు గీత దాటింది. మంచం మీద కూచుని కాసేపు ఆ గీతకేసీ, కాసేపు తలుపుకేసీ చూశాను.  చివరికి మెట్లు దిగాను, ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో. వాడు పానా పట్టుకుని ఏదో బండి చక్రం విప్పుతున్నాడు.

"ఒరేయ్, ఆ మాస్టారి ఎరుపు గీత దాటిందేమో కనుక్కున్నావా?"

"దాటిందంటావా?"

"నాకేం తెలుసు? ఊరికే అడుగుతున్నా."

"దాటితే ఎంత దాటి ఉంటుందక్కా?"

"ఒక వేలెడు."

వాడు పానా కింద పెట్టాడు. "మాస్టారి కాలు ముదిరింది. ఇప్పుడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలి. నువ్వూ రా అక్కా, ఆయన ఒక్కరే అయితే భయపడతారు."

మాస్టారు అప్పుడే సముద్రంలో ఈతకొట్టి, తలతుడుచుకుంటూ వచ్చారు. మా తమ్ముడు ఆయనకేసి ఒక చూపు చూశాడు. "అబ్బా!" అన్నారు మాస్టారు, ఎడమ మోకాలు పట్టుకుని.

డాక్టరమ్మ మా తమ్ముడితో కలిసి పనిచేసిన మనిషి. లోపలికెళ్ళగానే మాస్టారిని దాటుకొచ్చి, స్టూలు లాక్కుని నా ముందు కూచుంది.

"చూపించండమ్మా."

"నాకేం కాలేదమ్మా, మాస్టారికి."

"మాస్టారిది వచ్చే ఏడు చూస్తాను. మీది చూపించండి."

"ఎవరు చెప్పారు నీకు?"

"సోమవారమే మీ తమ్ముడు ఫోన్ చేశాడు. 'మా అక్క పడింది. నేనడిగితే చూపించదు, పైగా ఇంకా గట్టిగా దాస్తుంది. ఎవరికో చెబుతున్నట్టు చెబితే చాటుగా విని చేసుకుంటుంది' అన్నాడు. ఎరుపు పాకితే ఆ పూటే తెమ్మన్నాను. రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి నా ప్రాణం తీశాడు."

 మోకాలు చూపించాను. ఆవిడ ఒక మూల మిగిలిపోయిన రెండు ఇసక రేణువులు తీసింది, ఇంజెక్షన్ పొడిచింది, ఏడు రోజులకి మాత్రలు రాసింది. "ఒక్క రోజు మానినా ఊరుకోను. మీరు సోమవారం కడక్కపోయినా, ఇంకో రెండ్రోజులు దాచినా, ఈ కాలు గురించి మనం వేరే రకంగా మాట్లాడుకోవాల్సొచ్చేది" అంది.

బయటికొచ్చేసరికి వరండాలో మాస్టారు కట్టు విప్పేసి దురద గోక్కుంటున్నారు. మోకాలు అద్దంలా నున్నగా ఉంది. నన్ను చూడగానే గబుక్కున రెండో మోకాలు కప్పుకున్నారు.

"ఏమందక్కా డాక్టరమ్మ?" అన్నాడు మా తమ్ముడు.

"మాస్టారికి ఏడు రోజులు మాత్రలట. రోజూ కట్టు మార్చాలట."

"ఎవరు మార్చాలట?"

"నువ్వేనట."

వాడు తలెత్తి నా మొహం చూశాడు. ఇన్నేళ్ళలో నాకు తెలిసి అదే మొదటిసారి. బాగాలేదేమో, వెంటనే కిందికి దించుకున్నాడు.

రోజూ వాడొచ్చి కట్టు మార్చేవాడు. "మాస్టారిది ఇవాళ కాస్త నయం" అనేవాడు. "ఆయనకేం, గట్టి మనిషి" అనేదాన్ని. వారానికి మాస్టారి మోకాలు పూర్తిగా మానింది. ఆయన సెలవులైపోయి, మా ఇద్దరికీ నమస్కారం పెట్టి, ఏ కాలూ కుంటకుండా వెళ్ళిపోయారు.

నెల దాటాక ఒకరోజు పొద్దున కిందనుంచి మళ్ళీ కేకలు వినిపించాయి.

"మాస్టారూ! స్కూటర్ నేర్చుకోవాలనుంటే ఐసు ఫ్యాక్టరీ వెనకాల ఖాళీ స్థలం ఉంది! పొద్దున ఆరింటికి అక్కడ పురుగు కూడా ఉండదు! నేల గట్టిది, ఇసక లేదు! బూట్లు, హెల్మెట్ తప్పనిసరి! నేను రోజూ అటే నడకకెళ్తాను, ఊరికే!"

పిట్టగోడ మీంచి తొంగిచూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. దానిమీద ఒక హెల్మెట్, కొత్త బూట్ల జత ఉన్నాయి. చిన్న పాదాలవి. మాస్టారి పాదాలు పడవలంత ఉండేవి.

"ఒరేయ్!" అని కేకేశాను. "ఆరింటికి మాస్టారికి కుదరదట. ఆరున్నరకి వస్తారట."

వాడు పైకి చూడలేదు. కుర్చీకేసే తిరిగి, "మరి పొడుగు లాగు ఉందా మాస్టారూ?" అని అడిగాడు.

"నిన్ననే కుట్టించుకున్నారట," అన్నాను.