ఆడపడుచు ఇవ్వని మాట

మా అమ్మాయికి అప్పటికి పదహారేళ్ళు. ఒళ్ళు పదహారేళ్ళది, మనసు మూడేళ్ళది. అన్నం కలిపి నోట్లో పెట్టాలి, నీళ్ళు పొయ్యాలి, బట్టలు తొడగాలి, నెలనెలా ఆ మూడు రోజులూ కనిపెట్టుకుని ఉండాలి. దానికి వచ్చిన మాటలు నాలుగే: అమ్మ, అన్నం, బండి, వద్దు. అప్పుడప్పుడూ మూర్ఛ వచ్చి ఎక్కడుంటే అక్కడే పడిపోయేది. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని వదిలి నేను ఒక్క పూట కూడా ఎక్కడా ఉండలేదు. చుట్టాల ఇళ్ళలో పెళ్ళిళ్ళకు మా ఆయన ఒక్కరే వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేవారు.

డెబ్భైల మొదటి రోజులవి. భవానీపురంలో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఆయన వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో గుమాస్తా. పొద్దున వెళ్తే దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. ఆ రోజుల్లోనే నాకు నెలసరిలో రక్తం విపరీతంగా పోవడం మొదలైంది. చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆస్పత్రి అంటారు, ఆస్పత్రికి వెళ్తే మంచం ఎక్కమంటారు. నేను మంచం ఎక్కితే దాన్ని చూసేదెవరు? ఒకరోజు పంపు దగ్గర బిందె ఎత్తబోయి కళ్ళు తిరిగి పడిపోయాను. తెలివి వచ్చేసరికి అమ్మాయి నా పక్కనే చతికిలబడి, నా చెంగు లాగుతూ "అన్నం, అన్నం" అంటోంది.

డాక్టరమ్మ చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసెయ్యాలి అంది. ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు బరువులు ఎత్తకూడదు, వంగకూడదు అని కూడా చెప్పింది.

"కుదరదండీ," అన్నాను.

"ఎందుకని?"

అమ్మాయి సంగతి చెప్పాను. ఆవిడ విని, "ఇలాగే వదిలేస్తే రక్తం లేక మీరే పోతారమ్మా. అప్పుడెవరు చూస్తారు?" అంది.

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. దానికి స్నానం చేయిస్తున్నప్పుడల్లా, జడ వేస్తున్నప్పుడల్లా నాలో నేను అనుకునేదే. కానీ ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి.

మా అన్నయ్యను అడిగి చూశాం. వదినకు ఒంట్లో బాగుండడం లేదన్నాడు. ఇక మిగిలింది మా ఆయన చెల్లెలు. పెడనలో ఆడపడుచు, ఆమె భర్త ఇద్దరూ మగ్గం నేసేవాళ్ళు. ఇంట్లోనే రెండు గుంటమగ్గాలు, నేలలో గొయ్యి తవ్వి, కాళ్ళు అందులో పెట్టుకుని నేస్తారు. పెరట్లో నుయ్యి. పెరడు దాటితే పంట కాలవ. పెళ్ళీడుకొచ్చిన కొడుకులు ఇద్దరు. నూలు ఇవ్వడానికీ, నేసిన బట్ట తీసుకెళ్ళడానికీ మగవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. చెల్లెలింట్లో దింపుదామని ఆయన అన్న క్షణం నుంచీ నా కళ్ళకు ఆ గోతులూ, ఆ నుయ్యీ, ఆ కాలవే కనిపించాయి. మగవాళ్ళ సంగతి పైకి అనలేకపోయాను. ఆయనకు అర్థమైంది.

"వాళ్ళు నా మేనల్లుళ్ళు," అన్నారు, అంతే.

బందరు పాసింజరులో తీసుకెళ్ళాం. రైలెక్కితే దానికి పండగే. దారి పొడుగునా కిటికీ ఊచలు పట్టుకుని "బండి, బండి" అంటూనే ఉంది. ఆడపడుచు ఎదురొచ్చి దాని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. సాయంత్రం దాకా ఆమె వెనకాలే తిరిగి అన్నీ చెప్పాను. మాత్రలు ఎప్పుడు వెయ్యాలి, అన్నంలో మిరపకాయ ముక్క తగిలితే ఎలా ఊసేస్తుంది, నిద్రపోయే ముందు ఎటు తిప్పి పడుకోబెట్టాలి. చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఆమె విసుక్కోలేదు గానీ, "వదినా, ఇంత చెబితే నాకు గుర్తుండదు. పడుతూ లేస్తూ నేర్చుకుంటాలే," అంది. ఆ మాట నా భయాన్ని పెంచింది.

తిరుగు రైలుకు వేళైంది. అమ్మాయి రాట్నం ముందు కూర్చుని చక్రం తిరగడం చూస్తోంది. "చెప్పకుండా వెళ్ళిపో వదినా, చూస్తే ఏడుస్తుంది," అంది ఆడపడుచు. నాకు మనసొప్పలేదు. ఎదురుగా కూర్చుని, "అమ్మ ఊరెళ్ళి వస్తుంది. నువ్వు అత్త దగ్గర ఉండు," అన్నాను. దానికి అర్థమైంది ఒక్కటే, ఊరు. "బండి" అని లేచి, గుమ్మం దగ్గర తన చెప్పులు వెతుక్కుని, కుడి ఎడమలు తారుమారు చేసి తొడుక్కుని, నాకంటే ముందు వీధిలోకి దిగింది. ఇద్దరు కలిసి పట్టుకుంటే గానీ ఆగలేదు. వీధి మలుపు తిరిగాక కూడా "వద్దు, వద్దు" అని అరుపు వినిపిస్తూనే ఉంది. ఆయన నా చెయ్యి వదల్లేదు. వదిలి ఉంటే వెనక్కి వెళ్ళేదాన్ని.

ఆపరేషన్ అయింది. మత్తు దిగాక మొదట అడిగింది దాని గురించేనట, నాకు తెలియదు. ఆదివారం ఆయన పెడన వెళ్ళివచ్చారు.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"అన్నం తింటోందా?"

"తింటోంది."

"నా కోసం వెతుక్కుంటోందా?"

"లేదులే. నువ్వు పడుకో."

ఆయన నా వంక చూడకుండా కంచం కడగడానికి బయటికి వెళ్ళారు. ఇన్నేళ్ళ కాపరంలో ఆయన అబద్ధం ఆడినప్పుడల్లా ఏదో ఒక పని పెట్టుకుని లేచి వెళ్ళడం నాకు తెలుసు. ఆ రోజు నుంచీ వార్డులో ఎవరు గబగబా నడిచివచ్చినా నా కోసమే వస్తున్నారనిపించేది. నూతి గట్టు మీద మూర్ఛ వచ్చినట్టు, కాలవలో దాని లంగా తేలినట్టు ఊహలు. పక్క మంచం ఆవిడ ప్రార్థన చేసుకునే క్రైస్తవురాలు. రోజూ తన ప్రార్థన అయ్యాక, "మీ అమ్మాయి కోసం కూడా అడిగానండీ," అనేది. నేను దణ్ణం పెట్టేదాన్ని. వేరే ఏం చెయ్యాలో తోచేది కాదు.

కుట్లు విప్పాక ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నారు. రైలు ప్రయాణం వద్దన్నారు. నేను వినలేదు. ఆయన ఎంత చెప్పినా, "నన్ను తీసుకెళ్తారా, ఒక్కదాన్నే వెళ్ళనా?" అన్నాను. పొట్ట చుట్టూ గుడ్డ బిగించి కట్టుకుని, పాసింజరు కుదుపులకు పళ్ళు బిగబట్టి వెళ్ళాను.

మేం వెళ్ళేసరికి అది మగ్గం పక్కన చాప మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ముందుకు చాపి నూలు చిలప పట్టుకుంది. ఆడపడుచు ఆ దారాన్ని రాట్నం మీద చుట్టుకుంటోంది. అమ్మాయి నన్ను చూసింది. లేచి రాలేదు. కాసేపు చూసి ముఖం తిప్పేసుకుంది. దగ్గరికి వెళ్ళి తల నిమరబోతే చెయ్యి తోసేసింది. అప్పుడు కనిపించింది, కనుబొమ మీద పక్కు కట్టిన దెబ్బ.

"ఇదేమిటి?" అన్నాను.

ఆయన గుమ్మం వైపు చూశారు.

ఆడపడుచే చెప్పింది. "నూతి దగ్గర మూర్ఛొచ్చి పడింది వదినా. గట్టు రాయి తగిలింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వీధిలోకి పరిగెత్తి అరిచాను. పక్కింటివాళ్ళు వచ్చి పట్టుకున్నారు. అన్నయ్యకు చెప్పాను. నీకు చెప్పొద్దన్నాడు."

"నూతి దగ్గరికి ఒక్కదాన్నే ఎందుకు పంపావు?"

"ఒక్కదాన్నే పంపలేదు. నా చెయ్యి పట్టుకునే ఉంది. పట్టుకునుండగానే పడింది."

నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది. నా చేతిలో ఉన్నప్పుడు కూడా అది పడిందని, ఒకసారి మెట్ల మీద పడి పన్ను విరిగిందని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గలేదు.

మర్నాడే తీసుకెళ్ళిపోదామనుకున్నాను. కానీ తీసుకెళ్ళి ఏం చెయ్యను? వంగలేను, చెంబుడు నీళ్ళు ఎత్తలేను. ఆయన నన్ను కూడా అక్కడే ఉంచి కొట్టుకు వెళ్ళిపోయారు. జీవితంలో మొదటిసారి నా బిడ్డకు ఇంకొకరు స్నానం చేయిస్తుంటే నేను కూర్చుని చూశాను. ఆడపడుచుది మోటు చెయ్యి. తల మీద నీళ్ళు గుమ్మరించేస్తుంది, జడ అడ్డదిడ్డంగా లాగుతుంది. అది "వద్దు" అంటుంది, ఆమె "ఊఁ, వద్దు వద్దు" అంటూనే పని కానిచ్చేస్తుంది. అంతా అయ్యాక అది ఆమె భుజం మీద తల పెట్టుకుని కూర్చుంటుంది. నాకు ఊరటగానూ ఉండేది, కష్టంగానూ ఉండేది. రెండో రోజు సాయంత్రానికి అమ్మాయి నా దగ్గరికొచ్చి నా వీపుకు వీపు ఆనించి కూర్చుంది. ముఖం మాత్రం చూపించలేదు.

ఒక మధ్యాహ్నం మగవాళ్ళు లేని సమయంలో ఆడపడుచు రాట్నం ఆపి, "వదినా, అన్నయ్య వచ్చినప్పుడు మేనరికం మాట తెచ్చాడు. నీకు తెలుసా?" అంది.

నాకు తెలియదు.

"మా పెద్దాడికి దీన్ని చేసేస్తే మీ తర్వాత బెంగ ఉండదన్నాడు. నేనేం చెప్పలేదు. నువ్వు పంపిన మాటేమోననుకున్నా."

చుట్టాల్లో ఎవరో ఒకరు అనే మాటే అది, కట్టబెట్టేస్తే మొగుడే చూసుకుంటాడని. దానికి చెప్పులు ఏ కాలివో తెలియవు. పెళ్ళంటే ఏం తెలుసు? మొగుడంటే ఏం తెలుసు? "నేను పంపలేదు," అన్నాను. "ఆ మాట ఇంకెప్పుడూ మన మధ్య రాకూడదు. ఆయనకు నేను చెబుతాను."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ఇన్ని రోజులూ ఆ భయంతోనే ఉందని అప్పుడర్థమైంది.

"మరి మా తర్వాత నువ్వు చూస్తావా?" అని అడిగేశాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"మాట ఇవ్వమంటే ఇవ్వను వదినా. ఇస్తే అబద్ధమవుతుంది. నా ఒళ్ళెన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. కోడళ్ళు వస్తారు, వాళ్ళ మనసెలాంటిదో తెలియదు. నువ్వు మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు తెచ్చి వదులు. ఇంటికి అది అలవాటు పడాలి, దానికి ఇల్లు అలవాటు పడాలి. ఆ కాసిన్ని రోజులూ నువ్వు నిద్రపో. అంతవరకు చెప్పగలను."

నాకు కావలసింది అది కాదు. ఒట్టు కావాలి. చేతిలో చెయ్యి వేసి చెప్పడం కావాలి. ఆ రోజు ఆమె మీద మనసు కష్టపెట్టుకున్నాను.

మేనరికం సంగతి ఆయన్ను అడిగితే తల దించుకున్నారు. "నాకు ఇంకేం తోచలేదే," అన్నారు. ఆ తర్వాత మేము ఆ మాట ఎత్తలేదు.

అయినా ఆమె చెప్పినట్టే చేశాం. కార్తీకంలో ఒకసారి, వానాకాలం ముందు ఒకసారి దింపివచ్చేదాన్ని. మొదటిసారి ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఏమీ పాలుపోక అన్నం ఎక్కువ వండేశాను. అది పక్కన లేకుండా పడుకుంటే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా పడుకున్నాను, మధ్యలో లేవకుండా తెల్లారేదాకా.

రెండేళ్ళకు పెద్ద మేనల్లుడికి సంబంధం కుదిరేటట్టయింది. ఆడపిల్లవాళ్ళు గుడివాడ నుంచి ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. నేను అమ్మాయిని దింపడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. దాన్ని పక్కింట్లో కూర్చోబెడతానన్నాను. ఆడపడుచు ఒప్పుకోలేదు. "ఇక్కడే కూర్చోనీ," అంది. అది వచ్చినవాళ్ళ పళ్ళెంలోంచి లడ్డూ తీసుకుని తినేసింది. పెళ్ళికూతురి తండ్రి నవ్వినట్టే నవ్వి, "ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుందా అండీ?" అని అడిగాడు.

"అప్పుడప్పుడూ ఉంటుందండీ," అంది ఆడపడుచు. "ముందు ముందు ఎప్పుడూ ఉండొచ్చు."

ఆ సంబంధం తప్పిపోయింది. నా బిడ్డ మూలంగా ఆ కుర్రాడి పెళ్ళి చెడిందని నాకు ముద్ద దిగలేదు. ఇక తీసుకురానన్నాను.

"దాచిపెట్టి కోడల్ని తెచ్చుకుంటే ఆ వచ్చినదాని కోపమంతా దీని మీద పడుతుంది," అంది ఆడపడుచు. "తెలిసి వచ్చేదే రానీ."

తెలిసే వచ్చింది ఇంకో అమ్మాయి, బందరు పిల్ల. మొదట్లో మా అమ్మాయిని చూస్తే హడలిపోయేది. మూర్ఛ వచ్చిన రోజు గదిలోకి వెళ్ళి తలుపేసుకుందట. ఏడాది తిరిగాక తనే జడ వెయ్యడం మొదలుపెట్టింది. అత్తగారి కంటే నాజూకు చెయ్యి. మా అమ్మాయికి అయిదో మాట కూడా అక్కడే వచ్చింది. ఆ పిల్లను "అక్క" అంటుంది.

డెబ్భైల చివర్లో ఒకసారి మేమిద్దరం అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళాం. స్టేషన్‌కు సాగనంపుతూ ఆ కోడలు నాతో, "అత్తయ్యగారూ, వచ్చే కార్తీకంలో మాత్రం తీసుకురాకండి. నేను పురిటికి పుట్టింటికి వెళ్తాను. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ ఒక్కరే చెయ్యలేరు. నేను వచ్చాక కబురు పెడతాను," అంది.

రైలు కదిలాక ఆయన, "ఇప్పుడే వద్దంటోంది, మన తర్వాత ఏమంటుందో," అన్నారు. నాకూ భయం వేయకపోలేదు. ఆ భయం ఇప్పటికీ ఉంది. కానీ వద్దని నా ముఖం మీదే చెప్పగలిగిన పిల్ల, కబురు పెడతానన్నదంటే పెడుతుందనిపించింది. అమ్మాయి నా ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. దాన్ని ఆయనకు అప్పగించి, గుడివాడ వచ్చేదాకా కళ్ళు మూసుకున్నాను.