గుమాస్తాగారి మెడలో దండ

ఏలూరు కాలువ గట్టు మీది ఆ పెంకుటింట్లో ఒకప్పుడు మంత్రిగారు ఉండేవారు. ఆయన పోయాక వారసులు ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చారు. ముందు వాటాలో నాగమల్లేశ్వరి అప్పడాలు ఒత్తి అమ్ముకుంటూ ఉంటోంది. భర్త కృష్ణమోహన్ తాడేపల్లిగూడెం రైసుమిల్లులో గుమాస్తాగా చేసి, నాలుగేళ్ల కిందట పోయాడు. ఆయనది ఉన్నది ఒక్కటే ఫొటో. స్టూడియోవాడు కప్పిన ఖద్దరు కండువాతో తీయించుకున్నది. పోలీసు ఎదురైతే పక్క సందులోకి తప్పుకునే మనిషి, ఫొటోలో మాత్రం దేశాన్ని ఉద్ధరించి అప్పుడే వచ్చి కూర్చున్నట్టు ఉంటాడు.

మంత్రిగారి శతజయంతి వచ్చింది. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు కనుక భక్తి బాగా ముదిరింది. ఎమ్మెల్యేగారు మందీమార్బలంతో వచ్చి, ముందుగది గోడకు కనిపించిన ఫొటోకు ఇంత లావు దండ వేసి, కళ్లొత్తుకుని, "ఈ మహానుభావుడి అడుగుజాడలే నాకు దారండీ" అన్నారు.

"ఏవండీ, ఆయన..." అనబోయి నాగమల్లేశ్వరి ఊరుకుంది. బతికినన్నాళ్లూ మిల్లు యజమాని చేత చీవాట్లే తప్ప దండ ఎరగని మనిషి. పోనీలే, ఈ ఒక్క పూటా వేయించుకోనీ అనుకుంది. ఆ ముచ్చటే కొంప ముంచింది.

మర్నాడు పేపర్లో వార్త పడింది. ఫొటో కనిపించాల్సిన చోట ఎమ్మెల్యేగారి వీపు పడింది. చూస్తుండగానే ఇల్లు స్మారక భవనమైపోయింది, వాటాలవాళ్లను ఖాళీ చేయమన్నారు. ఆవిడ పేచీ పెట్టలేదు. దెందులూరులో చెల్లెలింటికి పోతానంది. వెళ్తూ వెళ్తూ ఫొటో దింపబోతే, ఆఫీసరు ఆనంద్ పాల్ అడ్డుపడ్డాడు.

"అది మావారి ఫొటో అండీ."

"అయ్యుండొచ్చండీ. మరి ఎమ్మెల్యేగారు ఎవరికి దండేసినట్టండీ?"

"నాకు ఇంకోటి లేదండీ బాబూ!"

"మాకూ ఇంకోటి దొరకలేదండీ అమ్మా."

పైగా మంత్రిగారి మనవడు హైదరాబాదు నుంచి దిగి, ఫొటోను ఎగాదిగా చూసి, ఆ ముక్కు తమ వంశానిదేనని సంతకం కూడా పెట్టాడు. ఇక కాదనడానికి ఆవిడెవరు, ఉత్త పెళ్లామే కదా!

ఆయన పోయిన తిథినాడు నాగమల్లేశ్వరి, చెల్లెలి కూతురు అఖిల దగ్గర ఫోను అడిగి తీసుకుని ఏలూరు బస్సెక్కింది. తాను కాపురం చేసిన గదిలోకే టికెట్టు కొనుక్కుని వెళ్లింది. ఫొటో ముందు అడ్డంగా తాడు కట్టి ఉంది. కింద చలువరాతి మీద, ఈయన లాఠీలకు ఎదురొడ్డి రెండుసార్లు జైలుకు వెళ్లారని చెక్కారు. చదువుతుంటే ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు ఆగకముందే ఏడుపొచ్చింది. ఆయన ముఖం చూసి ఎన్నాళ్లయిందో! కళ్లు తుడుచుకుని ఫోను పైకెత్తింది.

గైడు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"పెద్దాయనంటే మీకు ఎంత అభిమానమండీ! కానీ ఏమనుకోకండమ్మా, ఇక్కడ ఫొటోలు తీయకూడదండీ."